మేబ్రీ గారి వంతు

హేవర్డ్ వీధిలో హార్లన్ మేబ్రీ గారి గురించి ఒక కథ తిరుగుతూ ఉండేది. బంగారంలాంటి బ్యూక్ కారును ఆయన ఎవరికో ఇచ్చేసి, బదులుగా చచ్చి ఊరుకున్న మంచు తోడే యంత్రం ఒకటీ, "రాబోయే వంతు" ఒకటీ పుచ్చుకున్నారట. కారు ఎవరి చేతికి పోయిందన్నది చెప్పేవాణ్ణి బట్టి మారేది. పేకాటరాయుడికని కొందరు, పాదిరి గారి బావమరిదికని కొందరు. ఆ వంతు ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరూ నమ్మేవారు. ఎందుకంటే మేబ్రీ గారికి ఈ లోకంలో ఏ వస్తువూ ఉన్నచోట ఉండకూడదు. దాన్ని ఇంకోదానితో మార్చెయ్యాలి.

ఆ జబ్బు ఆయనకు బాస్కెట్‌బాల్ నుంచి అంటుకుంది. ఆ ఊరి జట్టు ఓడి ఓడి, చూసేవాళ్ళను కూడా అలసిపోయేలా చేసింది. ఆట చూస్తే ఏడుపొస్తుంది కాబట్టి జనం ఆట మానేసి, ఆటగాళ్ళ మార్పిడి గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏటా జూన్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది కదా. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. బాగా ఓడినవాళ్ళ పేరు మీద ఎక్కువ చీటీలు వేసి, మొదటి వంతు ఎవరిదో తేలుస్తారు. వచ్చే ఏటి వంతును ఇప్పుడే ఇంకో జట్టుకు ఇచ్చేయొచ్చు. "మొదటి మూడింట్లో పడితే వంతు మాదే, ఆ తర్వాతైతే మీది" అని షరతు పెట్టొచ్చు. షరతుకు గడువు ఉంటుంది. గడువు తీరితే షరతు ఎగిరిపోతుంది. ఆ ఊళ్ళో పెళ్ళి ప్రమాణాలు రానివాడు ఉండొచ్చు గానీ ఈ నిబంధనలు రానివాడు లేడు.

ఈ నిబంధనలకు సుప్రీం కోర్టు ఆల్విన్ స్ట్రదర్ గారి కటింగ్ షాపు. మేబ్రీ గారు పొద్దున్నే వచ్చి కిటికీ పక్కన కూర్చునేవారు. అద్దం ముందున్న సీసాలే ఆయనకు జట్లు. పౌడర్ డబ్బా బోస్టన్, తలనూనె సీసా యూటా, గడ్డం నురగ డబ్బా మనవాళ్ళు. వాటిని అటు జరిపి ఇటు జరిపి మూడు జట్ల బేరాలు కుదిర్చేవారు. స్ట్రదర్ గారు ఒక గడ్డం సగం గీసి చెయ్యి చాస్తే అక్కడ నురగ ఉండేది కాదు.

"డెల్ఫీన్, నురగ డబ్బా ఏదమ్మా?"

"మయామీలో ఉందండీ," అనేది డెల్ఫీన్, చీపురు ఆపకుండా.

డెల్ఫీన్ ఆ షాపులో రాలిన జుట్టు ఊడ్చి, తువ్వాళ్ళు ఉతికే పిల్ల. అమ్మమ్మకు మోకాళ్ళు పట్టేస్తే చూసుకోవడానికి పదకొండో తరగతి మధ్యలో చదువు మానేసింది. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడనివాళ్ళు ఎక్కువ చూస్తారు కదా. షాపులో మూడు కుర్చీలు ఉన్నాయి. మూడో కుర్చీ పనివాడు ఫీనిక్స్ వెళ్ళిపోయినప్పటి నుంచి అది ఖాళీ. డెల్ఫీన్ రోజూ దాన్ని అవసరమున్నదాని కంటే ఎక్కువగా తుడిచేది. ఆ కుర్చీ దగ్గర పని నేర్చుకుంటే లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు. చీపురు దించొచ్చు. "ఆ కుర్చీ నాకు ఇవ్వండి" అన్న నాలుగు మాటలు నోటిదాకా వచ్చేవి. తువ్వాళ్ళు ఆరాయో లేదో చూడాలని గుర్తొచ్చేది. వెనక్కి వెళ్ళిపోయేది.

ఆ వసంతంలో స్ట్రదర్ గారే తేల్చేశారు. "జులైలో మా అక్క కొడుకు టొలీడో నుంచి వస్తున్నాడు. మూడో కుర్చీ వాడిది." డెల్ఫీన్ ఆ రోజు కుర్చీని తుడవలేదు. ఆ సంగతి గమనించింది మేబ్రీ గారొక్కరే.

మేబ్రీ గారి బేరాలు బంతాటతో ఆగేవి కావు. "నా సాండ్‌విచ్‌లో సగం నీది, నీ కాఫీలో సగం నాది. లోపల ఊరబెట్టిన దోసముక్క దొరికితే మాత్రం అది నాకే. గడువు మధ్యాహ్నం దాకా." బ్యూక్ పోయాక ఆయన తిరిగేది బస్సులోనే. బస్సు నడిపే క్వింటన్‌తో కూడా బేరమే. "తమ్ముడూ, నన్ను స్టాపులో కాదు, గుమ్మం ముందు దింపు. బదులుగా నీకు రెండు రోజులు వాతావరణం చెప్పను." ఒక ఆదివారం చర్చిలో లేచి, "పాదిరి గారూ, ప్రసంగంలో చివరి పావుగంట నాకు ఇచ్చేయండి, బదులుగా మొదటి అరగంట మేలుకుని వింటాను," అన్నారు. సభ మొత్తం ఆ బేరానికి ఆమెన్ చెప్పింది.

అంతెందుకు, డెల్ఫీన్‌తోనూ అంతే. స్ట్రదర్ గారు భోజనానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆయన కత్తెర చేతికిచ్చారు.

"అమ్మాయ్, నా చెవుల్లో అడవి పెరిగింది. అది కత్తిరించు. బదులుగా ఫ్యాన్ నీ వైపు తిప్పుతాను."

"నాకు రాదండీ."

"చెవిలో వెంట్రుకకు వచ్చేదేముంది తల్లీ? దానికి చదువా సంధ్యా?"

చెవులైపోయాయి. మరుసటి వారం కనుబొమ్మలు. బదులుగా రేడియోలో ఆమెకు ఇష్టమైన స్టేషను. ఆ తర్వాత మెడ వెనక గీత. తర్వాత చెంపలు. ప్రతిసారీ అద్దంలో తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఈ బేరంలో నేనే నష్టపోయాను," అని మూలిగేవారు. డెల్ఫీన్ నవ్వు దాచుకునేది. వారాలు గడిచేసరికి మేబ్రీ గారి తలలో ఆమె చెయ్యి పడని చోటు లేదు.

మే నెలలో చీటీలు తీశారు. ఎన్నడూ లేనిది, మొదటి వంతు మనవాళ్ళకే వచ్చింది. షాపులో ఎవరూ కేక వెయ్యలేదు. అందరూ టీవీని అనుమానంగా చూశారు. "తప్పు చదివి ఉంటాడు," అన్నాడు క్వింటన్. ఆశపడటం కూడా అలవాటు తప్పితే మరిచిపోయే పనే. మేబ్రీ గారు మాత్రం ఏ సీసా కదపకుండా బుద్ధిగా కూర్చున్నారు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని డెల్ఫీన్ మంచినీళ్ళు తెచ్చింది.

డ్రాఫ్ట్ సాయంత్రం వీధి వీధంతా షాపులోనే ఉంది. వేయించిన చేపలు, బంగాళదుంప సలాడ్లు, మడత కుర్చీలు. "పొడుగువాణ్ణి తీసుకోవాలి." "పొడుగువాళ్ళకు మోకాళ్ళు పోతాయి." "వంతు అమ్మేసి ఇద్దర్ని తెచ్చుకోవాలి." "నిన్ను అమ్మితే ఒక్కడు కూడా రాడు." ఎదురుచూపుల మధ్యలో ఎవరో మళ్ళీ బ్యూక్ కథ ఎత్తారు. అందరూ పకపకా నవ్వారు. డెల్ఫీన్ అలవాటుగా స్ట్రదర్ గారి వైపు చూసింది. ఆ కథ వచ్చినప్పుడల్లా ఆయన నవ్వకుండా కటింగ్ మిషన్ ఆన్ చేసి చప్పుడు చేస్తారు. ఆమె అది ఎప్పుడో గమనించింది. ఈసారి కూడా ఆన్ చేశారు. కుర్చీలో ఎవరూ లేరు.

టీవీలో పేరు చదివారు. మనవాళ్ళు కాలేజీలో ఒక్క ఏడాది మాత్రమే చదివిన పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఎంచుకున్నారు. షాపు దద్దరిల్లింది. క్వింటన్ పాదిరి గారిని ఎత్తుకున్నాడు. ఆ గోల సద్దుమణిగాక మేబ్రీ గారు లేచి, చొక్కా సర్దుకుని అన్నారు, "ఇక నా వంతు."

"నీకే వంతు పెద్దాయనా?" అన్నాడు క్వింటన్.

"బ్యూక్ వంతు."

ఎవరి ప్లేట్లో చేప వాళ్ళ ప్లేట్లో ఆగిపోయింది. స్ట్రదర్ గారి ముఖం నురగ రాసుకున్నట్టు తెల్లబడింది.

"ఆల్విన్, చెబుతావా, చెప్పమంటావా?"

"నేనే చెబుతాను." స్ట్రదర్ గారు మిషన్ ఆపారు. "ఆ కారు తీసుకున్నది నేనే. ఈ షాపులో కుర్చీ ఖాళీ అయితే ఎవర్ని పెట్టుకోవాలో ఎంచుకునే వంతు ఒకటి ఇచ్చాను. కానీ అది షరతు వంతు! మొదటి మూడు కుర్చీల్లో పడితే వంతు నాదే."

"ఉన్నవే మూడు కదా," అన్నాడు క్వింటన్.

"అందుకే అలా పెట్టాను!"

"భలేవాడివి అన్నా. మరి గడువు? షరతు అన్నాక గడువు ఉండాలి. ఎందాకా అన్నావు?"

స్ట్రదర్ గారు నేల చూశారు, పైకప్పు చూశారు, చివరికి యూటాను చూశారు. "ఎప్పటికీ రాదనుకున్నాను," అని గొణిగారు.

"ఏది?"

"మనవాళ్ళకు మొదటి వంతు వచ్చేదాకా అన్నాను."

ఇందాకటి గోల ఈ గోల ముందు ఏపాటి? సొంత జట్టు దురదృష్టం మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని చూసి, ఆ నమ్మకం తమకూ ఉంది కాబట్టి, అందరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. క్వింటన్ తీర్పు చెప్పాడు: "గడువు తీరింది. షరతు ఎగిరింది. వంతు పెద్దాయనది. అన్నా, నువ్వు ఏ కోర్టుకెళ్ళినా జడ్జి కూడా మనవాళ్ళ అభిమానే."

మేబ్రీ గారు దువ్వెనను మైకులా పట్టుకున్నారు. "హేవర్డ్ వీధి కటింగ్ షాపు, మూడో కుర్చీ. హార్లన్ మేబ్రీ ఎంచుకున్న మనిషి... డెల్ఫీన్ ఓట్స్."

డెల్ఫీన్ చేతిలోని తువ్వాళ్ళ దొంతర గడ్డం దాకా పైకి లేచింది. దాని వెనక ముఖం దాగింది.

"అమ్మాయి ఎప్పుడైనా కత్తెర పట్టిందా?" అన్నారు స్ట్రదర్ గారు. "చదువు కూడా మధ్యలో..."

"ఇప్పుడు టీవీలో చూసిన కుర్రాడు? వాడు చదువు మధ్యలో వదిలేస్తే చప్పట్లు కొట్టావే! ఇక పనితనమంటావా?" మేబ్రీ గారు వెనక్కి తిరిగి తల వంచారు. "ఈ తల ఎవరు కత్తిరిస్తున్నారనుకుంటున్నావు?"

"నేను..." అని స్ట్రదర్ గారు ఆగిపోయారు. "నేను నీ తల ముట్టి ఎన్నాళ్ళైంది?"

కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన మేబ్రీ గారి చుట్టూ తిరిగారు. మెడ గీత మీద వేలు పెట్టి చూశారు. చెవి మడిచి చూశారు. చెవి వెనకే పనివాడి బద్ధకం దాక్కుంటుంది. అక్కడ ఒక్క పోగు లేదు. షాపంతా ఊపిరి బిగబట్టింది. ఎక్కువ బిగబట్టింది తువ్వాళ్ళ వెనక.

"ఎడమ చెంప దగ్గర జుట్టు నూలుపోగంత పొట్టి," అన్నారు చివరికి. "నేర్పొచ్చు. కానీ టొలీడోలో మా అక్కకు ఏం చెప్పను?"

"నీ మేనల్లుడితో మాట్లాడాను. వాడికి అక్కడొక పిల్ల ఉంది. ఇక్కడికి రావడం ఇష్టం లేదు. నీకు చెప్పాలంటే భయం. నువ్వు వాణ్ణి వదిలెయ్, వాడు క్రిస్మస్‌కు వచ్చి నీ పైకప్పు బాగుచేస్తాడు. బేరం కుదిరింది."

"నువ్వేమంటావమ్మా?" అన్నారు స్ట్రదర్ గారు.

తువ్వాళ్ళు కొంచెం కిందికి దిగాయి. ఎన్నాళ్ళుగానో నోట్లో ఉన్న నాలుగు మాటల్లో చివరి ఒక్కటే బయటికొచ్చింది. "ఇవ్వండి."

అందరూ వెళ్ళాక, డెల్ఫీన్ చేప ముళ్ళు ఏరుతుంటే, స్ట్రదర్ గారు సీసాలు సర్దుతూ అన్నారు. "షాపు పెట్టిన కొత్తలో మా అమ్మ వంద మైళ్ళ అవతల ఆసుపత్రిలో ఉంది. అక్కడికి బస్సు లేదు. ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకునే రకాన్ని కాను నేను. అది ఆయనకు తెలుసు. వచ్చి, 'ఆల్విన్, నాకు మంచు యంత్రం లేక నిద్ర పట్టడం లేదు, ఈ కారు తీసుకుని నన్ను కాపాడు' అన్నాడు. నేనేదో ఆయనకు ఉపకారం చేస్తున్నట్టు బెట్టు చేశాను." నురగ డబ్బాను మయామీ నుంచి దాని చోటికి తెచ్చారు. "ఈ కథ నేను ఇన్నాళ్ళూ చెప్పుకోలేకపోయాను. ఆయనా చెప్పలేదు."

ఫ్యాను, రేడియో, దోసముక్క అన్నీ డెల్ఫీన్‌కు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ప్రతి బేరంలోనూ తనే నష్టపోయానని ఆయన మూలిగేవారు. అబద్ధం చెప్పలేదన్నమాట.

డిసెంబరులో మొదటి మంచు పడింది. ఇప్పుడు షాపు తాళం డెల్ఫీన్ దగ్గరే ఉంది కాబట్టి ఆమె ఎప్పటికంటే ముందు లేచింది. ఆమెకు ఊహ వచ్చినప్పటి నుంచి చలికాలం పొద్దుటిపూట దుప్పటి కింద ఏదో యంత్రం మోత వినిపిస్తూనే ఉంది. బయటికొచ్చేసరికి గుమ్మం నుంచి రోడ్డు దాకా దారి శుభ్రంగా ఉండేది. "మునిసిపాలిటీ వాళ్ళు," అనేది అమ్మమ్మ. ఆ ఊరి మునిసిపాలిటీ వీధి దీపమే వెలిగించదు. అయినా డెల్ఫీన్ నమ్మింది.

తలుపు తీసింది. టోపీ చెవుల మీదికి లాక్కుని, ఒక ఎర్రటి పాత యంత్రాన్ని తోస్తూ మేబ్రీ గారు మెట్ల దగ్గర కనిపించారు.

"మేబ్రీ గారూ! అది పాడైపోయింది కదా!"

ఆయన ఇంజను ఆపారు. దొంగలా అటూ ఇటూ చూశారు. "ఎవరన్నారు?"

"అందరూ."

"నన్నెవరూ అడగలేదే. సరే, దొరికిపోయాను. బేరం మాట్లాడుకుందాం. నువ్వు ఎవరికీ చెప్పకు. మీ అమ్మమ్మ ఏటా పీచ్ పండ్లతో వండి ఇచ్చే తీపి కాబ్లర్‌లో నీకూ కొంత ఇస్తాను."

చలికాలంలో అమ్మమ్మ "చర్చికి" అని చెప్పి పంపే గిన్నెలు ఎటు పోతున్నాయో డెల్ఫీన్‌కు అప్పుడు తెలిసింది.

"అంచున మాడిన ముక్క మాత్రం నాదే," అన్నారు మేబ్రీ గారు. "షరతు."

"గడువు ఎందాకా?" అంది డెల్ఫీన్.

"మనవాళ్ళు కప్పు గెలిచేదాకా."

ఇద్దరూ ఒక్కసారి ఆలోచించి, కుదిరిందన్నట్టు తలలూపారు. ఆయన మళ్ళీ ఇంజను తాడు లాగారు.

బ్యూక్ ఇచ్చేసిన మాట నిజమే. వంతు పుచ్చుకున్న మాటా నిజమే. యంత్రం మాత్రం ఏ చలికాలంలోనూ ఒక్క రోజు ఆగలేదు.