మండీ బెల్లం, నా దవడపళ్లు

తొంభైల్లో మద్రాసులో, మా చూలైలో పిల్లల్ని పెంచడం పెద్ద విద్యేమీ కాదు. ఏడిస్తే నోట్లో బెల్లం పెట్టేవాళ్లు, ఏడవకపోతే బుద్ధిమంతురాలని ఇంకో ముక్క పెట్టేవాళ్లు. మా తాతది బెల్లం టోకుగా అమ్మే మండీ మరి. (మిరపకాయల మండీ అయ్యుంటే నా గతేమయ్యేదో!) బళ్లో చేరిన కొన్నాళ్లకే నా పాలపళ్లు నల్లబడ్డాయి, కొత్తగా వచ్చిన దవడపళ్లు కూడా పుచ్చడం మొదలుపెట్టాయి. నేను చెంప పట్టుకుని ఏడిస్తే అమ్మ కూడా ఏడ్చేది. అవ్వ మాత్రం దిష్టి తీసి, నా నోరు మూయించడానికి మళ్లీ బెల్లమే పెట్టేది.

ఆఖరికి బళ్లో తల్లులకి పిల్లల పెంపకం మీద క్లాసు పెడితే అమ్మ వెళ్లొచ్చి, "ఈ పళ్లు పోతే మళ్లీ రావంట అత్తా. ఇంక దీనికి ఎవురూ బెల్లం పెట్టొద్దు" అంది. అందరూ సరేనన్నారు. తాతయితే, "ఎవురన్నా పెట్టనీ, చెప్తా!" అని ఇల్లదిరేలా అరిచాడు. ఆ సాయంత్రమే నన్ను మండీ వెనక్కి పిలిచి, "కొంచెం దానే, తిను. మీ అమ్మకి చెప్పబాక" అన్నాడు. అవ్వదీ అదే మాట, చిన్నాయనదీ అదే మాట. ఎవరికి వాళ్లు తామొక్కరే పెడుతున్నామనుకున్నారు. రహస్యం దాచడంలో నా అంత నమ్మకస్తురాలు మద్రాసులోనే లేదు.

నొప్పి తగ్గకపోయేసరికి అమ్మ ఆ క్లాసు చెప్పిన నర్సమ్మనే ఇంటికి తీసుకొచ్చింది. ఆవిడ అందర్నీ కూచోబెట్టి, "పాపకి బెల్లం ఎవరు పెడతా ఉండారు?" అనడిగింది.

"ఈడ ఎవురూ పెట్టరమ్మా. కావాలంటే దాన్నే అడగండి" అన్నాడు తాత, దర్జాగా.

నన్నేమడుగుతారు! ఒక చెంపలో తాత ముక్క, ఇంకో చెంపలో అవ్వ ముక్క. నర్సమ్మ నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. ఆవిడ తెల్ల చీర మీద పాకం ధారగా కారింది. అవ్వ తాత వైపు తిరిగి, "అయ్యో, మీరు గూడానా!" అంది.

"క్లాసు తల్లికి కాదు, మీకు పెట్టాల" అంది నర్సమ్మ. పెట్టింది కూడా. తాత మా బళ్లో చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూచుని విన్నాడు. అప్పటికే నా దవడపళ్లు పీకేశారు. ఆ తర్వాత పుట్టిన చెల్లికి మాత్రం తాతే కాపలా కాశాడు. అది ఈరోజుకీ చెరుకుగడ పళ్లతో చీలుస్తుంది. నేను పక్కన కూచుని మెత్తటి ఇడ్లీ తింటూ కుళ్లుకుంటాను.

మొన్న మా పాప చెంప ఉబ్బి కనిపించింది. నోరు తెరవమంటే తెరవదు. పక్కనే మా అమ్మ (అవును, ఆ అమ్మే!) గోడ వైపు తిరిగి నిలబడింది, చేతిలో చాక్లెట్ కాగితం నలుపుకుంటూ. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పుచ్చిపళ్లు దాచుకున్నప్పటి అలవాటు కొద్దీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాను.