కొత్త చిప్పు మీద నర్సింగ్ మామ ప్రోగ్రాం

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నేను మధ్యలోనే లేచి వెళ్లిపోయేదాన్ని. మా కామాటిపుర చాల్‌లో, ఆ ఒంటిగదుల వరసలో, మనుషులకే కాళ్లు చాపుకునే జాగా లేదు, ఇక దయ్యం ఎక్కడ పడుకుంటుందే అని అమ్మలక్కల్ని ఏడిపించేదాన్ని. ఇప్పటికైనా నమ్ముతున్నానా అంటే చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

ఎనభైల్లో నాగ్‌పాడాలో ఒక బిల్డింగ్ కాంట్రాక్టర్ దగ్గర కంప్యూటర్ పని చేసేదాన్ని. ఆ పని నాకు నేర్పింది మా చాల్‌లోనే ఉండే నర్సింగ్ మామ. తాతల నాటి నుంచి మేస్త్రీల ఇల్లు వాళ్లది. స్లాబు పొడవు, వెడల్పు, అందులో వేసిన కడ్డీల లావు అడిగి, అది నిలుస్తుందో లేదో చెప్పే ప్రోగ్రాం ఒకటి మామ మా ఆఫీసు కంప్యూటర్‌లో రాశాడు. ఆ మెషిన్‌లో తెలుగు అక్షరాలు లేవు. మామ మాత్రం మహా మొండి. ఇంగ్లీషు అక్షరాలతోనే 'పొడుగు?', 'ఎడల్పు?' అని మన మాటలో అడిగించేవాడు. కడ్డీలు చాలకపోతే 'ఇప్పొద్దు' అని వచ్చేది. అంటే స్లాబు కింద నిలబెట్టిన సెంట్రింగ్ కర్రలు విప్పొద్దని.

మామ కామెర్లతో పోయాడు. ఆ తర్వాత మా కాంట్రాక్టర్ సేఠ్ కొత్త కంప్యూటర్ తెచ్చాడు. పాతది పాత సామాన్లు అమ్మే చోర్ బజార్‌కు పోయింది.

పోయేలోపే వైరు తగిలించి మామ ప్రోగ్రాంను కొత్తదాంట్లోకి దింపుకున్నాను. నడిస్తే ఒట్టు! పాత మెషిన్ చిప్పు వేరు, దీని చిప్పు వేరు. మామ తన ఆజ్ఞలన్నీ పాత చిప్పుకు తెలిసిన అంకెల్లో నేరుగా రాశాడు. అవే అంకెలకు కొత్త చిప్పు వేరే అర్థం చెప్పుకుంటుంది. మా నాయనమ్మ తెలుగులో తిడుతుంటే మనవలు అర్థంకాక మరాఠీలో 'కాయ్?' అన్నట్టే. నడపబోయిన ప్రతిసారీ తెర నిండా పిచ్చి గీతలు వచ్చి మెషిన్ బిగుసుకుపోయేది. మొదటి నుంచి మళ్లీ రాయాలి, అది నాకింకా చేతకాలేదు. ఈలోగా సేఠ్ కడ్డీల లెక్క తన అంచనాతోనే కానిచ్చేస్తున్నాడు.

మా అన్న సాయిలు కూడా సేఠ్ దగ్గరే సెంట్రింగ్ పని చేసేవాడు. ఆ పొద్దున వర్లీ సైటుకు పోతూ, "ఇయ్యాల బాల్కనీ కర్రలు ఇప్పుతున్నం. అయిపోంగనే వస్త. నా వంతు కూడ నువ్వే మింగకు, తిండిపోతుదానా" అన్నాడు.

సేఠ్ బయటికి పోయినప్పుడల్లా నన్ను లోపల ఉంచి షట్టర్‌కు బయట తాళం వేసేవాడు. ఆడపిల్లవి, ఏరియా మంచిది కాదు అనేవాడు. ఫోను డయల్‌కు కూడా ఒక బుల్లి తాళం. నాకు ఒళ్లు మండేది. ఇంట్లో చెబితే పని మానేయమంటారని నోరు మూసుకునేదాన్ని.

మధ్యాహ్నం సేఠ్ అట్లాగే తాళం వేసి పోయాక ఏదో కొటేషన్ టైపు చేస్తున్నాను. తెర ఒక్కసారిగా ఖాళీ అయింది. 'పొడుగు?' అని వచ్చింది.

నేను ఆ ప్రోగ్రాంను పిలవలేదు. పిలిచినా రాదు. అయినా ఆ ప్రశ్నకు జవాబివ్వడం వేళ్లకు అలవాటే. ఎదురుగా వర్లీ ప్లాను పరిచి ఉంది, దాని కొలతలే కొట్టాను. ఎడల్పు అడిగింది. కడ్డీ లావు అడిగింది. ఒక్క పిచ్చి గీత లేదు. చివర్న 'ఇప్పొద్దు' అని వచ్చింది.

పరుగెత్తి షట్టర్‌ను రెండు చేతులా బాదాను. పక్క లేత్ వర్క్‌షాప్ అతను వచ్చాడు. తాళం పగలగొట్టమని ఏడ్చాను. "సేఠ్ నన్ను పోలీసులకు పట్టిస్తాడు, బెహన్" అన్నాడు హిందీలో. అయితే నువ్వే వర్లీకి పో, సాయిలును కర్ర ముట్టొద్దను అని బతిమాలాను.

"ఎవరు చెప్పారనాలి?" అన్నాడు.

కంప్యూటర్ అన్నానో, చచ్చిపోయిన మామ అన్నానో నాకు గుర్తులేదు. అతను సేఠ్‌ను వెతికి తెస్తానని పోయాడు. పేపర్ వెయిట్‌తో డయల్ తాళం కొట్టాను. అది ఊడినా ఏం లాభం, సైటులో ఫోనెక్కడిది! మళ్లీ షట్టర్ దగ్గరికి, మళ్లీ తెర దగ్గరికి, అంతే తిరిగాను. తెర మీద ఆ మాట అట్లాగే ఉంది. నర్సింగ్ మామా, నాకు కాదు, వాడికి చెప్పు అని అరిచాను.

షట్టర్ లేచేసరికి సాయంత్రమైంది. సేఠ్ ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. బాల్కనీ మీద పడి మా అన్న పోయాడు.

విచారణకు వచ్చిన ఇంజనీరు కడ్డీలు సన్నవని రాసుకున్నాడు. అతని ముందు మామ ప్రోగ్రాం నడపబోయాను. పిచ్చి గీతలొచ్చి మెషిన్ బిగుసుకుపోయింది. "ఈ చిప్పు మీద అది నడవదమ్మా" అన్నాడు మెత్తగా. నిజమే. అతని స్థానంలో నేనున్నా ఆ మాటే అనేదాన్ని. తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించానో. మళ్లీ నడవలేదు. ఆ ఒక్క మధ్యాహ్నం ఎట్లా నడిచిందో, ఇన్నేళ్లు కంప్యూటర్లతోనే బతికినా నాకు అంతుపట్టలేదు.

నా మాట ఎవరూ నమ్మలేదు. వాళ్లతో నాకు ఏ బాధా లేదు. అమ్మ ఒక్కతే నమ్మింది, చెప్పీ చెప్పకముందే.

"నర్సింగన్న చెప్పిండు గదనే బిడ్డా" అంది. "చెప్పినంక గూడ నువ్వెందుకు పోలేదే?"

షట్టర్‌కు బయట తాళం ఉందని అమ్మకు తెలుసు. అయినా బతికున్నన్నాళ్లూ నన్ను అడుగుతూనే ఉంది.