చిన్నమ్మకు పెట్టిన తెల్లబువ్వ

మా చిన్నప్పుడు... పొద్దు వాలేసరికి మా అవ్వ ఇంట్లో రెండు పొయ్యిలు మండేవి. ఒకదాని మీద మా అందరికీ రాగి సంగటి. రెండోదాని మీద, చిన్న గిన్నెలో, మా చిన్నమ్మకు మాత్రం వరి బువ్వ.

చిన్నమ్మ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, రూతమ్మ. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మాదీ అవ్వ వాళ్లదీ పక్కపక్క ఇళ్లే కాబట్టి నేను పుస్తకాల సంచీ అక్కడే పడేసి, తిండి కూడా అక్కడే తినేదాన్ని.

ఓర్వకల్లు దగ్గర రాళ్ల గుట్టల నడుమ ఊరు మాది. వాన పడితే కొర్రలు, జొన్నలు, రాగులు... పడకపోతే కూలి. వరి బువ్వ క్రిస్మస్‌కో, పెళ్లికో. అట్లాంటిది కాన్పుకొచ్చిన బిడ్డకు సంగటి పెట్టారంటే ఊళ్లో తలెత్తుకోలేరు. అందుకే తాత కాలువ కింద ఊళ్లకు పోయి సన్నబియ్యం మూట తెచ్చాడు. అవ్వ ఆ బియ్యాన్ని కడిగిందే కడిగి, గంజి వార్చి, పైన నెయ్యి చుక్క వేసి పెట్టేది. పప్పు అరగదు, ఆకుకూర చలవ, గుడ్డు వేడి అని ఒక్కొక్కటే తీసేసింది. ఇంక మిగిలిందేముంది? బువ్వ, పల్చటి చారు, పూటపూటా కాఫీ.

మేము సంగటి ముద్దలో గుంట చేసి పుండికూర పప్పు పోసుకునేవాళ్లం. పుండికూర అంటే మీ గోంగూరే. చిన్నమ్మ తన పళ్లెం వదిలేసి మా పళ్లేల వైపే చూసేది...

"అమ్మా, నాకూ రోంత సంగటి పెట్టు. తినాలని శానా బుద్దాయితాండాది."

"ఊరుకోమ్మే. రేపు మీ అత్తోళ్లడిగితే, నా బిడ్డను సంగటి పెట్టి సాకినానని చెప్పుకోవాల్నా?" అనేది అవ్వ.

అవ్వ మనసులో చెడు లేదు. తను జన్మలో రోజూ తినని బువ్వ బిడ్డకు పెడుతున్నానని ఆమెకు ఎంత సంబరమో... ఆ గిన్నె దించేటప్పుడు ముఖం చూస్తే తెలిసేది.

అప్పుడప్పుడూ బస్సు దిగి నర్సమ్మ నడిచొచ్చేది. చిన్నమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, రక్తం బాగా తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చింది. రాగులు, మునగాకు, గుడ్లు, శనక్కాయలు పెట్టమంది. అవ్వ అన్నిటికీ తల ఊపింది. నర్సమ్మ వీధి మలుపు తిరిగిందో లేదో, మాత్రలు గూట్లోకి పోయాయి.

"అంత మంచివైతే ఊరికే ఎందుకు పంచుతారు? ధర్మానికొచ్చిన దాంట్లో ఏం సత్తువుంటాది?"

తాత కర్నూలుకు పోయి పెద్ద సీసాలో ఎర్రటి టానిక్కు తెచ్చాడు. అంగడిలో కొన్నది కదా, దానికి గౌరవం. నర్సమ్మ చెప్పినవన్నీ మా చేన్లోనూ మా దొడ్లోనూ ఉన్నవే... పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా.

నెల నెలకూ చిన్నమ్మ తెల్లబడింది. కాళ్లూ ముఖమూ ఉబ్బాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి ముందర ఆడవాళ్లు ఆమె చెంపలు పట్టుకుని చూశారు.

"ఏమ్మే రూతమ్మా, పుట్టింటి బువ్వ బాగ పట్టినట్టుండాదే. ఎంత తెల్లగైనావు."

అవ్వ పొంగిపోయింది. బాప్తిస్మం తీసుకున్నా దిష్టి నమ్మకం వదల్లేదు మావాళ్లు. ఇంటికి రాగానే ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పక్కన కూర్చున్న చిన్నమ్మకు ఆ నాలుగడుగుల నడకకే ఆయాసం. అది ఎవరికీ కనబడలేదు.

కాన్పు ఇంట్లోనే అయింది. ఆడపిల్ల. ఆ తర్వాత రక్తం ఆగలేదు... జీపు మాట్లాడి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ డాక్టరమ్మ, ఒంట్లో ముందునుంచే రక్తం లేదు, ఇన్నాళ్లూ ఏం పెట్టారని కోప్పడిందట. అవ్వ చేతులు జోడించి, "సన్నబియ్యం బువ్వమ్మా. రోజూ నెయ్యేసి పెట్టినా" అందట. అమ్మ ఈ మాట చెప్పిన ప్రతిసారీ అక్కడే ఆగి ఏడ్చేది.

చిన్నమ్మ తిరిగి రాలేదు. బిడ్డ బతికింది. కృప అని పేరు పెట్టి అవ్వే పెంచింది.

ఇప్పుడు కర్నూల్లో ఏ అంగడికి పోయినా రాగి మాల్టు, కొర్ర బియ్యం, మునగాకు పొడి డబ్బాల్లో వరుసగా పెట్టి ఉంటాయి. హోటల్లో సంగటి అడిగితే స్పెషల్ అంటారు. చూస్తే నాకు కడుపు మండుతుంది. ఇంత గౌరవం అప్పుడే రాకూడదా వీటికి?

కొన్నేళ్ల కిందట కృప కడుపుతో ఉంది. నర్సు ఇచ్చిన మాత్రలు మానకుండా వేసుకునేది. అవ్వకు అప్పటికి చూపు మందగించింది, నడుము వంగింది. అయినా కృపకు సంగటి తనే కెలికేది, తనే ముద్దలు చేసి పెట్టేది. ఒకరోజు తింటూ తింటూ కృప అడిగింది.

"అవ్వా, మా అమ్మక్కూడా ఇట్లే పెడ్తాంటివా?"

అవ్వ చెయ్యి ఆగిపోయింది. నేను ఎదురుగానే ఉన్నాను.

"అది అడిగింది పెట్టలేదు పాపా... మంచిది పెట్టినా" అంది అవ్వ.

కృప పైట చెంగుతో అవ్వ కళ్లు తుడిచింది.

అవ్వ కూడా పోయిందిప్పుడు. మీ ఇళ్లలోనూ ప్రేమగా చూసుకుంటూనే పోగొట్టుకున్న ఆడబిడ్డ ఎవరైనా ఉంటే... ఆమె పేరు ఈ కథ కింద రాయండి. మా రూతమ్మ పక్కన ఉంటుంది.