ఆవుతో చెప్పిన మాటలు

పెద్దకోడలికి తోడికోడలితో ఏదైనా పని పడితే ఆవుతో చెప్పేది. "చూశావా, నీ నీళ్ళ తొట్టి కడిగే దిక్కు లేదు ఈ ఇంట్లో" అని దాని గంగడోలు నిమిరేది. అవతల పేడ ఎత్తుతున్న చిన్నకోడలు ఆవు తోకకేసి తిరిగి, "కడిగేవాళ్ళు కడుగుతూనే ఉన్నారే తల్లీ, చూసేవాళ్ళకే కళ్ళు లేవు" అనేది. మధ్యలో ఆవు తన మానాన తాను నెమరు వేసుకునేది. ఆ ఇంట్లో బుద్ధిమంతురాలు అదొక్కతే.

పెద్దకోడలు కాపురానికి వచ్చేనాటికి ఆవు కొమ్ము ఎటో తోక ఎటో తెలియని మనిషి. అత్తగారే ఆమె చెయ్యి పట్టుకుని ఆవు ఎడమ డొక్క మీద పెట్టించింది. "లోపల దొర్లినట్టు కదులుతోందా? అది కదిలినంతసేపూ మనకు పాలుంటాయి. కదలకపోతే నన్ను పిలువు" అంది. ఆ చెయ్యి అప్పటినుంచీ డొక్కలను చూస్తూనే ఉంది. అత్తగారు మాత్రం తన నొప్పి ఎవరికీ చెప్పకుండా మంచాన పడి, లేవకుండానే పోయింది. ఆ ఏడుపుల్లో చిన్నకోడలు నోరు జారింది. "ఆవు డొక్కలు చూడ్డం తెలుసు గానీ, పక్కనున్న మనిషిని కనిపెట్టలేకపోయావు" అంది. ఆనాటి నుంచి పెద్దకోడలు ఆమెతో మాట్లాడడం మానేసింది. చిన్నకోడలూ తనంతట తాను పలకరించలేదు. మగవాళ్ళిద్దరూ లారీల మీద తిరిగేవాళ్ళు కనుక, ఈ మౌనం వాళ్ళ చెవిన పడలేదు.

అత్తగారు వదిలివెళ్ళిన ఆవు ఆ ఏడు ఈనింది. పాలకేంద్రంలో పాలు పరీక్షించే మనిషి పెదవి విరిచాడు. "పలచబడ్డాయమ్మా, వెన్న తగ్గింది" అన్నాడు. పెద్దకోడలికి అనుమానం రానే వచ్చింది. చిన్నది దాణా దగ్గర చెయ్యి బిగిస్తోందనుకుంది. నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మధ్యాహ్నం చిన్నకోడలు కునుకు తీసే వేళ డబ్బాడు మొక్కజొన్న పిండి అదనంగా పెట్టింది. చిన్నకోడలికీ అచ్చం అదే అనుమానం, అదే అభిమానం. సాయంత్రం పెద్దకోడలు పాలు పోయడానికి వెళ్ళగానే తనూ ఓ డబ్బాడు పెట్టింది. ఆవు ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పలేదు.

మొదట్లో పాలు కాస్త పెరిగాయి. వెన్న మాత్రం ఇంకా తగ్గింది. దాంతో ఇద్దరూ చెరో డబ్బా పెంచారు. పిండితో కడుపు నిండిన ఆవు గడ్డి ముట్టడం మానేసింది. "ముక్కిపోయిన గడ్డి తెస్తే ఎవరు తింటారే" అని పెద్దకోడలు ఆవుతో అంది. "తడిపి వేస్తే ఎందుకు తినదు" అని చిన్నకోడలు కూడా ఆవుతోనే అంది.

ఒక పొద్దున ఆవు తల వేలాడేసి నిలబడింది. పేడ నీళ్ళలా పడింది, అందులో అరగని గింజల నూక, పుల్లటి కంపు. దవడలు కదలడం లేదు. పెద్దకోడలు డొక్క మీద చెయ్యి పెట్టింది. లోపల ఏమీ దొర్లలేదు. కనిపెట్టలేకపోయావు అన్న మాట మళ్ళీ చెవిలో పడ్డట్టయింది.

పశువుల డాక్టరమ్మ వచ్చి డొక్క నొక్కి చూసింది. "దాణా ఎంత పెడుతున్నారు?"

"రోజూ పెట్టేదే" అంది పెద్దకోడలు.

"మామూలుగానే" అంది చిన్నకోడలు.

"సరిగ్గా చెప్పండి. పిండి ఎక్కువైతే కడుపులో పులుస్తుంది. ఎంత తిన్నదో తెలిస్తే మందుతో చూస్తాను. తెలియకపోతే కడుపు కోసి చూడాలి. అప్పుడు బతుకుతుందని మాటివ్వలేను."

చిన్నదాని ఎదుట తప్పు ఒప్పుకోవడం పెద్దకోడలికి చావుతో సమానం. కానీ చావబోయేది ఆవు. దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, "నీకు మధ్యాహ్నాలు రెండు డబ్బాలు దొంగచాటుగా పెట్టానే. నేనే పెట్టాను" అంది.

తోక దగ్గర నుంచి వెక్కు వినిపించింది. "నేనూ సాయంత్రాలు రెండు పెట్టానే తల్లీ."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరు చెబుతున్నది నాకా, ఆవుకా? ఎవరికైతేనేం, తెలిసింది. దాణా పూర్తిగా ఆపండి. వంటసోడా నీళ్ళు తాగిస్తాను. ఎండుగడ్డి నరక్కుండా పొడుగ్గానే ముందు పెట్టండి. గడ్డి నమిలితే ఉమ్మి ఊరుతుంది, ఆ ఉమ్మే పులుపును విరుస్తుంది. పాలలో వెన్న కూడా గడ్డి పుణ్యమే, పిండిది కాదు."

ఆమె వెళ్ళాక ఆవు కాళ్ళు ముడుచుకుని పడుకుంది, ఇద్దరూ దానికి చెరోపక్క కూర్చున్నారు. వంట ఊసే ఎత్తలేదు. పెద్దకోడలు డొక్క మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎండ పాక గుమ్మం దాటిపోయే వేళకు ఆవు నాలుగు గడ్డిపోచలు లాక్కుంది. చాలాసేపటికి దాని గొంతులో ఓ ఉండ పైకి పాకింది. దవడ పక్కకు కదిలింది.

"అక్కా, నెమరేస్తోంది!"

పెద్దకోడలు ఆవు మీదుగా తొంగి చూసింది. "ఎవరితో చెబుతున్నావు?"

"నీతోనే అక్కా." చిన్నకోడలు ఆవు వీపు మీద చెయ్యి ఆనించి ముందుకు వంగింది. "అత్తయ్య పోయినప్పుడు నేనన్న మాట తప్పు. ఆవిడ దాచింది. నేను మాత్రం కనిపెట్టానా?"

పెద్దకోడలికి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు. ఆవు వీపు మీదుగా చెయ్యి చాచి చిన్నకోడలి చెయ్యి అందుకుంది. దాన్ని లాగి ఎడమ డొక్క మీద తన చేతి పక్కనే పెట్టించింది.

"చూడు, కదులుతోందా?"