మనలో హరితరేణువులు లేవు

మా అబ్బా ఊరి మసీదులో నమాజు చదివించేవారు. అరబీ అక్షరాలు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెద్దయ్యాక మోత్కూర్ దగ్గర సర్కారు బడిలో జీవశాస్త్రం టీచరునయ్యాను. శుక్రవారం బడి అయ్యాక సాయంత్రాలు మా వాడ ఆడవాళ్లు ఒక ఇంట్లో కూడితే, దైవగ్రంథం చదివి అర్థం చెప్పేదాన్ని.

బడిలో నా దగ్గర ఒక చార్టు ఉండేది. ఎడమవైపు వృక్షకణం, కుడివైపు జంతుకణం. చెట్టు కణానికి గట్టి కణకవచం, పెద్ద రిక్తిక, పచ్చటి హరితరేణువులు. మన కణాల్లో ఆ కవచమూ లేదు, ఆ పచ్చరేణువులూ లేవు. ఆడవాళ్ల కూడికలోనూ ఇదే చెప్పేదాన్ని, ఎవరికి కావలసింది వాళ్ల కణంలోనే అల్లాహ్ వేరుగా అమర్చాడని. వాళ్లు "సుబహానల్లాహ్" అనేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది. అది ఒప్పుకోవాలి.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక వానకాలం. తమ్ముడు పత్తి సాళ్ల మధ్య గడ్డిమందు కొడుతున్నాడు. ఆదివారం కాబట్టి నేనూ మరదలూ సద్ది పట్టుకుని చేనుకు పోయాం. వాడు డబ్బా తిప్పి చూస్తూ అడిగాడు.

"ఆపా, దీని మీద విషమని రాసిండ్రు. మనిషికి గూడ పడుతదా?"

"అది ఆకుపచ్చ మీద పనిచేస్తది. హరితరేణువులను పట్టుకుంటది. మనలో అవి లేవు కద, ఫికర్ చెయ్యకు."

తరగతిలో చెప్పినట్టే చెప్పాను, ఒక్క క్షణం ఆలోచించకుండా.

కాసేపటికి పంపు నాజిల్‌కు చెత్త అడ్డం పడింది. పుల్లతో పొడిచాడు, రాలేదు. ఊడదీసి నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. మా వైపు అందరూ అట్లాగే చేస్తారు.

"ఛీ, మందది. ఉమ్మెయ్," అంది మరదలు.

"నేనేమన్న గడ్డినా, ఎండిపోనీకి? ఆపను అడుగు."

ముగ్గురం నవ్వాం. నేను నీళ్ల సీసా అందించాను. వాడు నోరు పుక్కిలించకుండానే రెండు గుక్కలు తాగాడు.

తెల్లారి ఫజర్ నమాజు ముగించి కింద పరిచిన జానమాజు మడుస్తుంటే వాడు వచ్చాడు. చాయ్ మింగుడు పడటం లేదట. నాలుక చాపాడు. మధ్యలో తెల్లగా తోలు లేచి ఉంది. జానమాజు సగం మడతలోనే వదిలేశాను. అప్పటికి నాకు ఏమీ తెలియదు, భయం మాత్రం ముందే వచ్చేసింది.

మందు డబ్బా సంచిలో వేసుకుని భువనగిరి దవాఖానకు పోయాం. డాక్టరమ్మ డబ్బా మీద పేరు చదివి, తమ్ముడి నోరు తెరిపించి చూసింది.

"ఎంత మింగినవు?"

"మింగలే మేడమ్. నాజిల్ ఊదిన. ఏం గాదన్నది మా ఆపా. ఆమె టీచర్," అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో గొప్ప ఉంది.

ఆమె నా వైపు తిరిగింది. "ఏం పాఠం చెప్తరు?"

"జీవశాస్త్రం."

కోపం చేస్తే బాగుండేది. మెల్లగా చెప్పింది. "ఆకులో హరితరేణువు దగ్గర చేసే పనిని ఈ మందు మన ఒంట్ల మైటోకాండ్రియా దగ్గర గూడ చేస్తదమ్మా. అవి మనకు ఉన్నయి కద. ముందు కిడ్నీలు, తర్వాత ఊపిరితిత్తులు."

మైటోకాండ్రియా. కణానికి శక్తి తయారుచేసేది, నా చార్టులో రెండువైపులా ఉన్న బొమ్మ. రెండింటికీ ఉన్నదే కదా అని ఏటా ఒక్క మాటతో దాటేసేదాన్ని.

తమ్ముడి మూత్రం గాజుగొట్టంలో పోసి ఏదో పొడి కలిపారు. నీలం తిరిగితే మందు ఒంట్లోకి పోయినట్టు. నేను గోడకు ఆనుకుని చూశాను. గొట్టం అడుగున చాలా పల్చగా ఏదో రంగు. నా కళ్ల భ్రమేమో అనుకున్నాను.

"జర ఉంది," అన్నది డాక్టరమ్మ. "తక్కువనే. కానీ ఉంది."

"ఆక్సిజన్ పెట్టుండ్రి మేడమ్," మరదలు చేతులు జోడించింది.

"ఇప్పుడు పెట్టొద్దమ్మా. ఆక్సిజన్ తోని ఆ మందు ఊపిరితిత్తులను ఇంకింత కాలుస్తది."

గాలి కూడా పెట్టకూడని రోగమొకటి ఉంటుందని నాకు తెలియదు.

ఆ తర్వాత రోజూ రక్తపరీక్ష. పగలంతా మంచం పక్కన కూర్చుని వాడి ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో గడియారం పెట్టి చూసేదాన్ని. ఒకటి ఎక్కువైతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని. వరండా మూలలో నమాజుకు నిలబడితే చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన సూరాలే మధ్యలో తెగిపోయేవి. సజ్దాలో నుదురు నేలకానించి ఒక్కటే అడిగేదాన్ని. యా అల్లాహ్, లేనివాటి గురించి చాలా మాట్లాడాను, వాడిలో ఉన్నవాటిని కాపాడు.

నా మాట విని ఊదాడని మరదలికి తెలుసు. ఒక్కసారి కూడా అనలేదు. రొట్టె తుంచి నా చేతిలో పెట్టేది, అంతే. అది తినలేకపోయేదాన్ని.

రెండు వారాలకు ఎక్స్‌రే తేటగా వచ్చింది. కిడ్నీలు బాగున్నాయన్నారు. వాడు చెప్పులు వేసుకుంటూ, "ఆపా, నాలో పచ్చది లేకున్నా అల్లా ఉన్నడు తియ్," అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ శుక్రవారం కూడికలో వచనాలు చదివాను, అర్థం చెప్పలేదు. బడిలో ఇప్పుడు పాఠం మైటోకాండ్రియాతో మొదలుపెడతాను. చెట్టుకూ ఉంది, మనకూ ఉంది, దాన్ని చెడగొట్టేది ఇద్దరినీ చెడగొడుతుంది అంటాను. నాజిల్ నోట్లో పెట్టొద్దని మీ ఇంట్లో చెప్పండి అని కూడా అంటాను.

తమ్ముడు ఇప్పుడు నాజిల్ పొడవడానికి సన్న తీగ జేబులో వేసుకునే చేనుకు పోతాడు. అయినా పక్క గదిలో వాడు దగ్గితే, చేస్తున్న పని ఆపి, ఇంకో దగ్గు వస్తుందేమోనని వింటూ నిలబడతాను.