బాతుల పిల్ల అన్నం తిందా?

ఈమధ్య వట్లూరులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. కంట్లో శుక్లం ముదిరింది, వచ్చే వారం ఏలూరులో ఆపరేషను. ఈలోగా బుద్ధిగా కూర్చోక, ఇంజినీరింగు చదువుతున్న మా మనవరాలి బల్ల మీద ఇటికంత లావున ఉన్న ఒక ఇంగ్లీషు నవల కంటబడితే తెరిచాను. అమ్మానాన్నా లేని పిల్ల ఒకతె తన చేతుల్లో మంత్రశక్తి ఉందని తెలుసుకుని, పెరిగి పెద్దదై, చక్రవర్తి మీద తిరగబడే కథ. నేనూ టీచరుగా చేసి రిటైరైన మనిషినే గనుక ఇంగ్లీషు నన్నేమీ భయపెట్టలేదు గాని, అక్షరాలే సగం పుస్తకానికి వచ్చేసరికి చీమల బారులైపోయాయి. పిల్ల సరిగ్గా కోటలో చిక్కుకున్నచోట నా కళ్ళు మొరాయించాయి. ఆ ఉక్రోషంలో కూర్చుంటే, నాకు తెలిసిన ఇంకో పిల్ల, ఇంకో కోట, అన్నిటికంటే ముందు మా మామ్మ గుర్తొచ్చారు.

మామ్మంటే మా నాన్నగారి తల్లి. అప్పట్లో మేము ఉంగుటూరు పక్క పల్లెటూళ్ళో, నాన్నగారు పనిచేసే మిషను బడి వెనకాల ఉండేవాళ్ళం. మామ్మ చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద. రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చి అక్షరం ఆనకపోవడంతో, రోజూ సాయంత్రం ఆవిడకి బైబిలు వాక్యం చదివి వినిపించే పని నా నెత్తిన పడింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడి ఎదురింట్లో పురోహితులుగారి భార్య ఉండేవారు, నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ వారపత్రిక తెప్పించుకునేవారు. అందులో సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విడదీసి, కథ అయిపోయాక బైండు చేయించుకోవడం ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఎంత మురిపెమో మీకు నేను చెప్పక్కర్లేదు. పసుపు మరకలు పడకూడదన్న షరతు మీద ఆ కాగితాలు నాకు ఇచ్చేవారు.

ఆ సీరియల్లో రాజు మాంత్రికుడు. ఈడొచ్చిన ప్రతి పిల్ల దగ్గరా, పిల్లవాడి దగ్గరా వాళ్ళ నీడని పన్నుగా లాక్కుని కుండల్లో దాచిపెడతాడు. నీడ పోయినవాళ్ళు బతికే ఉంటారు, పనీ చేస్తారు, కాని ఎవరికీ కాదని చెప్పలేరు. బాతులు మేపుకునే ఒక పిల్ల నీడ మాత్రం ఎంత లాగినా ఊడి రాదు. రచయిత ఏ దేశాన్ని తలుచుకుని రాశాడో గాని, చుట్టూ నీళ్ళు, రెల్లు, తాటిదోనెలు అనగానే నాకది కొల్లేరే అయిపోయింది.

బైబిలు మధ్యలో ఆ కాగితాలు పెట్టుకుని, అధ్యాయానికీ అధ్యాయానికీ నడుమ గుటుక్కున నాలుగు వాక్యాలు మింగుతుంటే, మామ్మ చెవులకి శుక్లాలు లేవు గనుక కాగితం చప్పుడు పట్టేశారు. ఏమిటని అడిగి, విషయం విని, మంత్రాల కథలు మన ఇంట్లో తప్పు అని తేల్చేశారు. తరవాత కాసేపు ఆలోచించి, వినకుండా తప్పు అనడం కూడా తప్పే, పైకి చదువు, అన్నారు. అలా మొదలైన తనిఖీ నెలల తరబడి సాగింది. రాజు చేసేది మంత్రమూ, పిల్ల చేసేది వరమూ అని మామ్మ మొదటి వారంలోనే తీర్పు చెప్పేయడంతో ఇక ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

ఒక్కటే చిక్కు. పిల్ల నదులు ఈదినా, గోడలు దూకినా, సైనికుల కళ్ళుగప్పి పారిపోయినా, మామ్మ నన్ను ఆపి ఒకే మాట అడిగేవారు.

"ఇంతకీ ఆ పిల్ల అన్నం తిందటే?"

రచయితకి ఆ ధ్యాసే ఉండేది కాదు. పాపం, మగవాడు. తినలేదంటే మామ్మ ఆ పూట సరిగ్గా భోంచేసేవారు కాదు గనుక, కథలో లేకపోయినా ఆ పిల్లకి నేనే వడ్డించేదాన్ని. ఓ వారం పప్పుచారు, ఓ వారం వంకాయ కూర, వారం బాగుంటే చేపల పులుసు.

అంతా సవ్యంగా జరుగుతుండగా పిల్లని రాజు పట్టుకుని, కోటలో నీడల కుండలు దాచే కొట్లో బంధించాడు. నీ నీడ ఇస్తే అందరి నీడలూ వదిలేస్తానని బేరం పెట్టాడు. ఆ మర్నాడే స్త్రీల కూటం. మామ్మ మోకాళ్ళ మీద ఉండి రోగుల కోసం, వర్షాల కోసం ప్రార్థించి, అదే ఊపులో, ప్రభువా, దిక్కులేని ఆ బాతుల పిల్ల దుర్మార్గుడి కొట్లో పడి ఉంది, అన్నపానాలు లేవు, నువ్వే విడిపించాలి అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. మామ్మ ఏడిస్తే ఎవరాగుతారు? అందరూ ఏడ్చి ఆమెన్ అన్నారు.

ఆదివారం నాటికి ఆ పిల్లది కొల్లేటి లంక అని ఒకరు, కాదు, కైకరం అవతల ఎవరో ఆసామి ధాన్యం కొట్లో పెట్టి తాళం వేశాడని ఇంకొకరు చెప్పుకోసాగారు. మా ఆడవాళ్ళకి వంటకి బియ్యం పోసినప్పుడల్లా దేవుడి పేరున ఓ పిడికెడు తీసి పక్కన పెట్టడం అలవాటు కదండీ. ఆ వారం పిడికిళ్ళన్నీ బాతుల పిల్ల పేరున తీశారు. పాస్టరుగారు బియ్యం మూట మోయించుకుని మా గుమ్మంలోకి వచ్చి, నాన్నగారిని పక్కకి పిలిచి, పోలీసులకి చెబుదామా అని మెల్లగా అడిగారు.

సంగతి బయటపడ్డాక నాన్నగారి ముఖం చూడాలి. పాస్టరుగారు మాత్రం పైకండువాతో నవ్వు తుడుచుకుని, "అయితే ఇంతకీ ఆ అమ్మాయి బయటపడిందా అండీ?" అన్నారు.

బియ్యం ఏం చేయాలన్న ప్రశ్న వస్తే, కోతలయ్యాక చేలల్లో బాతులు మేపుకుంటూ కాలవగట్టున గుడారం వేసుకున్న కుటుంబానికి ఇచ్చేయమన్నారు మామ్మ. వాళ్ళలోనూ ఓ పిల్ల ఉంది, చాలదా అన్నారు. అంతవరకూ బాగానే ఉంది గాని, నాన్నగారు నా దగ్గరున్న కాగితాలన్నీ తీసుకుపోయి బడి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంకొక్క వారంలో కథ అయిపోతుందనగా, ఈ ఇంట్లో ఇక ఆ కథ చదవడానికి వీల్లేదన్నారు. పిన్నిగారు చూస్తే చెల్లెలి పురిటికని పుట్టింటికి వెళ్ళారు. నా లోకం చీకటైపోయింది.

ఆ గురువారమే మామ్మకి ఏలూరులో కళ్ళ ఆపరేషను. ముందురోజు పొద్దున్న నాన్నగారు సంచీ సర్దమంటే మామ్మ మంచం దిగలేదు.

"ఆ పిల్ల సంగతి తేలకుండా నేను రానురా అబ్బాయ్."

"అమ్మా, అది కథమ్మా. డాక్టరుగారు మనకోసం ఎదురుచూస్తారు."

"చూడనీ. కళ్ళొచ్చి నేను చూడబోయేదేముంది, అది అక్కడ చీకట్లో కూర్చుంటే?"

మా ఇంట్లో నాన్నగారి మాట ఎవరైనా కాదనడం నేను వినడం అదే మొదలు. మామ్మ నీడ మంచం పక్కన గోడ మీద ఎంత పెద్దగా ఉందో చూసి నాకు ఒళ్ళు పులకరించింది. వాయిదా వేస్తే మళ్ళీ డాక్టరుగారు ఎప్పుడు కుదురుతుందంటారో తెలియదు. నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టుకుని, పత్రిక కోసం తాడేపల్లిగూడెం స్టేషనుకి వెళ్ళారు. మధ్యాహ్నానికి రావలసిన మనిషి సాయంత్రానికి వచ్చారు. బస్సులో పత్రిక తెరిచి, ఉంగుటూరు దాటిపోయింది కూడా చూసుకోక, భీమడోలులో దిగారట. బీరువాలో పెట్టిన కాగితాలన్నీ బడి వదిలాక కూర్చుని చదివేశారని అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

నన్ను చదవనివ్వలేదు, తానే చదివారు. పిల్ల తన నీడ ఇవ్వనంది. ఇవ్వనని అది పెట్టిన కేకకి కుండలన్నీ పగిలి నీడలు లేచి నిలబడ్డాయి, రాజు నీడ కూడా వాణ్ణి వదిలి వాటిలో కలిసిపోయింది. పిల్ల తన బాతుల దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది. సమాప్తం. మామ్మ కళ్ళు తుడుచుకుని అడగనే అడిగారు, ఆ పిల్ల అన్నం తిందా అని. నేను నాన్నగారి వంక చూశాను. పుస్తకంలో లేని మాట ఒక్కటి చదివినా వేళ్ళ మీద కొట్టే మనిషి ఆయన. పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తిందమ్మా," అన్నారు. "కొర్రమీను పులుసుతో."

మర్నాడు మామ్మ బుద్ధిగా బయల్దేరారు. కళ్ళొచ్చాయి, దళసరి కళ్ళజోడూ వచ్చింది, పిన్నిగారి బైండు పుస్తకం తెప్పించుకుని తానే మొదటినుంచీ చదువుకున్నారు. ఆఖరికి వచ్చి, "పులుసు ఏ పేజీలో ఉందే?" అని అడిగితే నేనూ నాన్నగారూ చెరో వైపుకి తప్పుకున్నాం. ఆ తరవాత ఎవరూ ఎవరికీ చదివి వినిపించే అవసరం మా ఇంట్లో రాలేదు. మామ్మకి చూపొచ్చిందని అందరితోపాటు నేనూ సంతోషించాను గాని, సాయంత్రమయ్యేసరికి నాకేమీ తోచేది కాదు.

నిన్న మా మనవరాలు నా అవస్థ చూసి, ఫోనులో అదే నవల పైకి చదివేలా ఏదో నొక్కి, చెవుల్లో తన పాటలు పెట్టుకుని పక్క గదిలోకి పోయింది. ఫోను ఎంత చక్కగా చదువుతుందో. తడబడదు, దగ్గదు, పేజీ తిప్పిన చప్పుడు కూడా ఉండదు. పిల్ల కోటలోంచి తప్పించుకుని వానలో అడవిలో పడి నడుస్తోంది. నాకు తెలియకుండానే పైకి అనేశాను, ఇంతకీ ఆ పిల్ల అన్నం తిందా అని. ఫోను ఆగలేదు, తన దారిన తాను చదువుకుంటూ పోయింది. ఖాళీ గదిలో ఎవరో ఒకరు చెప్పాలి కదా అని, తిందిలే, కొర్రమీను పులుసుతో అని నేనే చెప్పుకున్నాను.