టవర్ లేనిచోట నీలం చుక్క

జువ్వలదిన్నెలో నాది చిన్న సెల్‌ఫోన్ల కొట్టు. సముద్రంలో చేపల వేటకెళ్లే వాళ్లలో సగం మంది ఫోన్లు నా దగ్గర కొన్నవే. కొన్న ప్రతివాడికీ ఎవరూ అడక్కపోయినా ఒక సలహా ఇచ్చి పంపేవాణ్ణి: "సముద్రంలో టవర్ పోంగానే లొకేషన్ ఆపేయండి, ఊరికే చార్జింగ్ దండగ." సిగ్నల్ లేకపోతే మ్యాపు తెల్లబడిపోవడం నా కళ్లతో చూశాను. అంతకుమించి తెలుసుకోవాల్సిందేమీ లేదనుకున్నాను.

మా అక్క మొగుడు వల లాగుతూ పడవలోంచి జారిపోయాడు. కాలికి తాడు చుట్టుకుందట. ఏళ్ల తరబడి బావతో వేటకెళ్లే పెద్దాయన చీకటి పడేదాకా అక్కడే వెతికి, ఒక్కడే తిరిగొచ్చాడు. మర్నాడు ఊళ్లో పడవలన్నీ వెళ్లాయి. బావ దొరకలేదు.

సముద్రంలో పోయినవాడు దొరక్కపోతే, మా వాళ్లు మూడో రోజు మునిగినచోటికే వెళ్లి పాలు పోస్తారు. అక్క ఏడవడం కూడా మానేసి అదొక్కటే పట్టుకుంది. ఒడ్డున పోయనంది.

"చోటు గుర్తు పెట్టుకోలేదా?" అని పెద్దాయన మీద కేకలేశాను.

"ఏం గుర్తు అబ్బయా? ఒడ్డున చెట్లు గూడా కనపళ్లేదు. ఫోన్లో చూద్దామంటే టవర్ లేదు. నువ్వే గదా ఆపేయమనింది."

ఆ సాయంత్రం సిమ్ము తీసేసి, ఫోన్ పట్టుకుని ఇసుకలో నడిచాను. తెర తెల్లగానే ఉంది. కాసేపటికి నీలం చుక్క వచ్చింది. నేను నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. దానికి టవర్‌తో పనే లేదు. ఉపగ్రహాలు పంపే సంకేతాలు అందుకుని, తానెక్కడుందో ఫోనే లెక్క కట్టుకుంటుంది. టవర్ ఉంటే చుక్క త్వరగా వస్తుంది, వెనకాల దారుల బొమ్మ వస్తుంది, అంతే. నడిసముద్రంలో దారుల బొమ్మ ఎవడిక్కావాలి? లొకేషన్ ఆన్‌లో ఉండి, తెర మీద ఒక్కసారి నొక్కి ఉంటే ఆ చోటు అంకెల్లో ఉండిపోయేది. ఇన్నేళ్లు కొట్టు నడిపి, ఒక్కసారి సిమ్ము తీసి చూడాలని తోచలేదు నాకు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మా వాడలో ఆడవాళ్లు వేటపడవ ఎక్కరు. మూడో రోజు అక్క ఎక్కింది, ఎవరూ అడ్డు చెప్పలేదు. చాలా దూరం పోయాక పెద్దాయన అంచనా మీద ఇంజను ఆపాడు. నా ఫోన్‌లో టవర్ లేదు. నీలం చుక్క మాత్రం మేమెక్కడున్నామో కచ్చితంగా చూపిస్తోంది. బావ ఎక్కడ మునిగాడో దానికి తెలియదు.

అక్క పాలచెంబు పట్టుకుని నా వైపు తిరిగింది. "ఈడేనంట్రా?"

పెద్దాయన మొహం తిప్పుకున్నాడు.

ఫోన్ అక్క ముందు పెట్టాను. "ఈడేక్కా. చూడు, చుక్క చూపిస్తా ఉండాది."

అక్క ఆ చుక్కను నమ్మి పాలు పోసింది.